పరేడ్‌కు ముందే ఫొటోలా?

సంపాదకులు గారికి, నమస్కారం.

గొలుసు దొంగతనాల కేసుల్లో నిందితులు దొరికిన మర్నాడే వారి ఫొటోలు పత్రికల్లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ రావడం మామూలైపోయింది. గుర్తింపు పరేడ్ (నిందితుణ్ని ఇతరుల మధ్య నిలబెట్టి సాక్షిని గుర్తుపట్టమనడం) జరగకముందే ఇలా రావడం సాక్షి జ్ఞాపకాన్ని ఎలా చెరుపుతుందో మీ దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

మెడ మీద కత్తి పెట్టినప్పుడు మనిషి చూపు ఆ కత్తి మీదే నిలిచిపోతుంది, ఎదుటివాడి ముఖం లీలగానే గుర్తుంటుంది. ‘భయంతో నాకేమీ తోచలేదు, కత్తి తప్ప ఏదీ సరిగా చూడలేదు’ అని తన స్థితిని తానెరిగి చెప్పగలిగే సాక్షులు ఉంటారు. భయపడ్డామని ఒప్పుకోవడం నామోషీ అనుకుని, తెలియకుండానే ఖాళీలను ఊహతో పూరించేవారూ ఉంటారు. అలాగే ఫలానా సంగతిని కళ్లారా చూశామా, పక్కింటివాళ్లు చెప్పగా విన్నామా అని విడదీసుకుని ఆలోచించే అలవాటు అందరికీ ఉండదు. పేపర్లో చూసిన ముఖం పరేడ్‌లో ఎరిగినట్టు అనిపిస్తే, అది నేరం జరిగిన నాటి గుర్తేనని నిజాయతీపరులు సైతం నమ్మేస్తారు.

ప్రశ్న అడిగే తీరు కూడా జ్ఞాపకాన్ని మారుస్తుంది. 1974లో మనస్తత్వ పరిశోధకులు ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అమెరికాలో విద్యార్థులకు కారు ప్రమాదం ఫిల్మ్ చూపించి, కార్లు ‘తగిలినప్పుడు’ వేగమెంత అని 50 మందిని, ‘గుద్దుకుని నుజ్జయినప్పుడు’ ఎంత అని మరో 50 మందిని అడిగారు. ఫిల్మ్‌లో అసలే లేని పగిలిన అద్దాలను చూశామని వారం తర్వాత చెప్పినవారు మొదటి జట్టులో ఏడుగురైతే, రెండో జట్టులో 16 మంది. మన స్టేషన్లలో సాక్షి మాట పూర్తికాకముందే రైటర్ (వాంగ్మూలాలు రాసుకునే పోలీసు) ‘ఎర్ర చొక్కాయే కదా?’ అంటూ రాసేసుకోవడం కోర్టుల చుట్టూ తిరిగేవారందరికీ తెలిసిందే.

సాక్షి మనసులో వీడియో టేపు తిరగదని సుప్రీంకోర్టు 1983లోనే భర్వాడా భోగిన్‌భాయ్ కేసులో స్పష్టం చేసింది. అయినా తడబడినవారిని అబద్ధాలకోరులుగా, గుక్కతిప్పుకోకుండా చెప్పినవారిని సత్యసంధులుగా చూడటం ఇంకా పోలేదు.

దర్యాప్తు అధికారులు సాక్షిని మొదట అడ్డు తగలకుండా చెప్పనివ్వాలి; ఆ చోటును, వెలుతురును, అప్పటి మనఃస్థితిని గుర్తుచేసుకోమని చెప్పి, తర్వాతే ప్రశ్నలు వేయాలి. పరేడ్‌లో గుర్తుపట్టిన క్షణంలో ఎంత నమ్మకంగా ఉన్నారో మేజిస్ట్రేటు సాక్షి మాటల్లోనే నమోదు చేయాలి, ఎందుకంటే విచారణ నాటికి ఆ నమ్మకం కారణం లేకుండానే పెరిగిపోవచ్చు. ఇక పరేడ్ ముగిసేవరకు నిందితుల ముఖాలు ప్రచురించకూడదన్న నియమాన్ని మీ జిల్లా ఎడిషన్లతోనే మొదలుపెట్టాలని మనవి.

– ఒక న్యాయవాది, హనుమకొండ