పళ్లు కట్టారు సరే, తినగలుగుతున్నారా అని ఎవరూ అడగరేం?

తెలంగాణ ఆరోగ్యశాఖ కార్యదర్శి గారికి నమస్కారం.

పోయినేడాది ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో మా అమ్మకు పళ్ల సెట్టు కట్టించాం. రిజిస్టరులో ఆమె కేసు పూర్తయిపోయింది. ఇంట్లో మాత్రం ఆ సెట్టు గిన్నెలో నీళ్లలోనే ఉంటోంది, పెట్టుకుంటే కింది చిగురు ఒరుసుకుని పుండు పడుతోందని తీసేస్తుంది, జొన్నరొట్టె పాలల్లో నానబెట్టుకుని మింగుతుంది, పెళ్లిళ్లలో కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. ఇదంతా ఏ లెక్కలో రాస్తారండి?

కొత్తగా ఏదీ కనిపెట్టక్కర్లేదు. 1997లోనే గ్యారీ స్లేడ్ అనే దంత ఆరోగ్య పరిశోధకుడు, నోటి సమస్యలు మనిషి రోజువారీ బతుకును ఎంత ఇబ్బంది పెడుతున్నాయో కొలిచే ఓహెచ్ఐపీ-14 (ఓరల్ హెల్త్ ఇంపాక్ట్ ప్రొఫైల్) అనే చిన్న ప్రశ్నావళి ఇచ్చారు. నొప్పి, తిండికి ఇబ్బంది, నలుగురిలో సిగ్గు, టెన్షన్... 14 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 56, ఎక్కువ వస్తే బాధ ఎక్కువన్నమాట. చికిత్సకు ముందొకసారి, సెట్టు అలవాటయ్యేంత టైమిచ్చి మళ్లీ ఒకసారి అడిగితే చాలు. కాకపోతే సెట్టు కట్టిన డాక్టరు కాకుండా వేరేవాళ్లు అడగాలి, డాక్టరు ఎదురుగా ఉంటే మనవాళ్లు మొహమాటపడి బాగానే ఉందనేస్తారు, మా అమ్మా అలాగే అంది.

నల్గొండలో ఫ్లోరైడ్ నీళ్లకు పళ్లు గారపట్టినవాళ్లను చూడండి. చాలామందికి నొప్పి ఉండదు, నోరు తెరిచి మాట్లాడ్డానికే బెరుకు. పుచ్చుపళ్లు లెక్కపెడితే ఆ బాధ దొరకదు.

ముందు ఆ ఒక్క జిల్లాలోనైనా ఈ ప్రశ్నలు తెలుగులో, ఉర్దూలో అడిగించండి.