ఆ ఒక్క గంట మాకు వదిలిపెట్టండి, చైర్మన్ గారూ

ఆంధ్రప్రదేశ్ శాసన మండలి చైర్మన్ గారికి,

నమస్కారమండి. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. సొంతంగా రెండెకరాలు, కౌలుకు ఇంకో రెండు, సార్వా దాళ్వా రెండు పంటలూ వరే. డిగ్రీ చదివాను కాబట్టి మండలికి పట్టభద్రుల ఓటు కూడా ఉంది. మీదీ భీమవరమే, మీకు ముందు చైర్మన్‌గా చేసిన షరీఫ్ గారిది నరసాపురం. మా చేలల్లో మురుగునీటిని సముద్రంలోకి తీసుకెళ్లే యనమదుర్రు డ్రెయిన్ ఎలా ఉంటుందో మీకు ఎవరూ మ్యాపు పెట్టి చూపించక్కర్లేదు. ఆ ధైర్యంతోనే మండలిలో ప్రశ్నోత్తరాల గంట గురించి రాస్తున్నాను, మాట ఎక్కడైనా గట్టిగా పడితే మన్నించండి.

మొన్నామధ్య ఒక రోజు పని మానుకుని మరీ మండలి లైవ్ చూశాను. డెల్టా డ్రెయిన్ల పూడికతీత మీద ప్రశ్న ఒకటి ఆ రోజు జాబితాలో ఉందని మా ఊరి మాస్టారు ఫోన్ చేసి చెప్పారు. సభ మొదలవుతూనే వాయిదా తీర్మానం ఇచ్చిన సభ్యులు లేచి నిలబడ్డారు, తీర్మానం తిరస్కరించారు, వాళ్లు ప్లకార్డులతో పోడియం దగ్గరికి వచ్చేశారు, ఇటు నుంచి మంత్రులు లేచారు, ఎవరేం మాట్లాడుతున్నారో ఒక్క ముక్క వినపడలేదు, సభ వాయిదా. మళ్లీ కూర్చున్నారు, మళ్లీ అదే. మా ప్రశ్న నంబరు పిలవనే లేదు. మిగిలిన ప్రశ్నలకు జవాబులు సభ ముందు ఉంచినట్టుగా భావించాలని ఒక మాట మాత్రం వినిపించింది, అంతే, ఆ గంట అయిపోయింది. మధ్యాహ్నం బిల్లులు వచ్చాయి, మూజువాణి ఓటుతో గట్టెక్కాయి. అవి దేని గురించో నాకు సరిగా అర్థం కాలేదు, చర్చ జరిగి ఉంటే అర్థమయ్యేదేమో.

నేను ఏ పార్టీ తరఫునా రాయడం లేదండి. ఎవరు అధికారంలో ఉన్నా ఇలాంటి రోజులు చూశాను, అటు వాళ్లు ఇటు అయ్యారు, ఇటు వాళ్లు అటు అయ్యారు, పోయేది మాత్రం ఎప్పుడూ ప్రశ్నల గంటే.

దాని మీద ఇంత పట్టుదల ఎందుకో చెబుతాను. కాగితం మీద ఇచ్చే జవాబు ఎలా ఉంటుందో మీకు తెలుసు. డ్రెయిన్లలో పూడిక పేరుకుపోయిన మాట వాస్తవమా అంటే ‘అవునండి’ అని ఉంటుంది, చర్యలేంటి అంటే ‘ప్రతిపాదనలు పరిశీలనలో ఉన్నాయి’ అని ఉంటుంది. అక్కడితో ఆగిపోతే మాకు ఒరిగేదేమీ లేదు. అసలు పని, ఆ జవాబు మీద సభలో అడిగే అనుబంధ ప్రశ్నతో మొదలవుతుంది. సభ్యుడు లేచి, గుర్రపుడెక్క తీశామన్నారు కదా, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా తీశారు, తీసింది దూరంగా వేశారా లేక గట్టు మీదే వదిలేస్తే మొదటి వానకే మళ్లీ నీళ్లలోకి జారిందా, బిల్లు ఎవరు పాస్ చేశారు అని అడిగితే మంత్రిగారు అందరి ముందు నిలబడి చెప్పాలి. ఆ జవాబు రికార్డుల్లోకి ఎక్కుతుంది. ‘సభ ముందు ఉంచినట్టుగా భావించిన’ కాగితాన్ని మళ్లీ ఎవరు అడుగుతారండి?

2024 జూలైలో మా చేను దగ్గర జరిగింది చెబుతాను. ఊడ్పులు అయి పది రోజులు కూడా కాలేదు. పైన ఏజెన్సీలో వానలు పడి ఎర్ర కాలువ పొంగింది, ఆ నీళ్లు వచ్చి యనమదుర్రులోనే కదా పడేది. మా నాన్నగారు గట్టు మొదట్లో ఒక వెదురు బద్ద పాతి దాని మీద కత్తితో గాట్లు పెట్టుకున్నారు, నీళ్లు ఎక్కుతున్నాయా తీస్తున్నాయా చూడటానికి. పొద్దున మూడో గాటు దగ్గర ఉన్న నీరు, మధ్యాహ్నానికి వాన ఆగిపోయినా, సాయంత్రానికి నాలుగో గాటు దాటింది. చేలో నీళ్లు బోదె అనే పిల్ల కాలువలోకి, బోదెలోవి డ్రెయిన్లోకి పోవాలి, డ్రెయినే నిండి ఎగదన్నుతుంటే ఎక్కడికి పోతాయి? దానికి తోడు కింద సముద్రం పోటు మీద ఉంటే ఇక కదలవు. మూడో రోజుకి నారు కొసలు కూడా కనపడలేదు. నీరు తీశాక దిగి చూస్తే చేనంతా కుళ్లు వాసన, దుబ్బు పట్టుకుంటే వేళ్ల మధ్య జారిపోయి చేతిలోకి వచ్చేసింది. నాన్నగారు ఆ దుబ్బు అలాగే పట్టుకుని గట్టు మీద కూర్చుండిపోయారు. తర్వాత మెరక ఊళ్లలో నారు వెతికి కొనుక్కొచ్చి మళ్లీ ఊడ్చాం. ఆఫీసుకు వెళ్లి అడిగితే డ్రెయిన్ పని అయిపోయినట్టే కాగితాల్లో ఉందన్నారు. ఆ కాగితం నాకు చూపించలేదు.

ఇది ఒక్క నా చేను గోడు కాదు కాబట్టే మీదాకా తెచ్చాను. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, ఇవాళ డెల్టాలో పది లక్షల ఎకరాలకు దాని స్థానంలో కట్టిన బ్యారేజీ నీళ్లే. నీళ్లు తేవడం ఎంత పనో, వచ్చినవి సముద్రంలో కలపడమూ అంతే పని, నేల ఇంత పల్లంగా ఉన్నచోట ఇంకా పెద్ద పని. అది కొత్తగా తెలిసిన సంగతీ కాదు. 1960లలోనే మిత్రా కమిటీ డెల్టా మురుగు మీద నివేదిక ఇచ్చింది. 1968లో డ్రైనేజీ సెస్సు చట్టం వచ్చింది, మా తాతగారు శిస్తుతో పాటు అదీ కట్టానని చెబుతుండేవారు. అప్పటికి మండలి కూడా ఉంది. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా క్రాప్ హాలిడే ప్రకటిస్తే, గిట్టుబాటు ధరతో పాటు వాళ్లు చెప్పుకున్న బాధల్లో ఈ డ్రెయిన్ల ముంపు కూడా ఉంది. దాని మీద మోహన్ కందా కమిటీ వేశారు. కమిటీలకు లోటు లేదండి, వాటిలో రాసింది ఎంతవరకు వచ్చిందని సభలో ప్రతి ఏడూ అడిగేవాళ్లే కావాలి.

ఇక్కడే మండలి మీద నాకున్న నమ్మకం కూడా చెప్పాలి. బిల్లును ఆపే శక్తి మండలికి పెద్దగా లేదు. మొదటిసారి మూడు నెలలు, అసెంబ్లీ మళ్లీ పంపితే ఒక నెల, ద్రవ్య బిల్లయితే 14 రోజులు, అంతే. కానీ మంత్రిని నిలబెట్టి ప్రశ్న అడిగే హక్కు అసెంబ్లీలో ఎంతుందో మండలిలోనూ అంతే ఉంది. 58 మందిలో 20 మంది స్థానిక సంస్థల నుంచి వచ్చినవాళ్లు, ఐదుగురు టీచర్ల నుంచి, ఐదుగురు మాలాంటి పట్టభద్రుల నుంచి. ఊళ్లో ఏ తూము పూడిపోయిందో తెలిసిన ఎంపీటీసీల ఓట్లతో గెలిచినవాళ్లు అక్కడ ఉన్నారు. వాళ్ల నోటికి ఆ గంట దొరక్కపోతే ఇంకేం మిగులుతుంది? 1958లో వచ్చిన సభ ఇది, 1985లో రద్దయింది, 2007లో మళ్లీ వచ్చింది, 2020 జనవరిలో మళ్లీ రద్దు తీర్మానం చేసి 2021 నవంబరులో వెనక్కి తీసుకున్నారు. ‘మండలి దండగ’ అనే మాట మా టీ కొట్టు దగ్గర కూడా వింటుంటాను, ప్రతిసారీ వాదిస్తాను. ఆ రోజు లైవ్ చూశాక మాత్రం వాదించడానికి నోరు రాలేదు, నిజంగా బాధేసింది.

ఆ ఓటు కోసం మేం పడే పాట్లు కూడా మీకు తెలియాలి. ఎప్పుడో ఒకసారి నమోదైతే సరిపోదు, ప్రతి ఎన్నికకూ ఫారం 18 కొత్తగా నింపాలి, డిగ్రీ సర్టిఫికెట్ నకలు మీద సంతకం కోసం తిరగాలి. 2025 ఫిబ్రవరి 27న లైన్లో నిలబడి, వాళ్లిచ్చిన ఊదా రంగు పెన్నుతో అభ్యర్థి పేరు ఎదురుగా 1 అంకె వేశాను, చెయ్యి వణికితే ఓటు చెల్లకుండా పోతుందేమోనని టెన్షన్ పడుతూ. టీచర్ల సీటు సంగతి చూడండి. ఆ సీటు ఎమ్మెల్సీ షేక్ సాబ్జీ గారు 2023 డిసెంబరులో మన జిల్లాలోనే రోడ్డు ప్రమాదంలో పోయారు. 2024 డిసెంబరు 5న ఉప ఎన్నిక జరిగేదాకా, దాదాపు ఏడాది, రెండు గోదావరి జిల్లాల టీచర్ల తరఫున ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. ఒక్కో కుర్చీకి, ఒక్కో గంటకు మేం ఇంత విలువ ఇస్తున్నాం.

కాబట్టి నా మనవి ఏమిటంటే, ప్రశ్నోత్తరాలను వాయిదాలకు అందనిచోట పెట్టండి. రాజ్యసభలో 2014లో ఆ గంటను పదకొండు నుంచి పన్నెండుకు మార్చారు, ముందు, అప్పటికప్పటి సమస్యలు లేవనెత్తే జీరో అవర్‌లో ఎవరి ఆవేశం వాళ్లు చెప్పుకుంటారని. గొడవలు దాంతో ఆగిపోతాయని నేననను, కానీ మనమూ ఒక సమావేశం ప్రయత్నించి చూడొచ్చు కదా. పొద్దున పోయిన గంటను మధ్యాహ్నమైనా మళ్లీ ఇవ్వడానికి దారి చూడండి. పిలవకుండా పోయిన ప్రశ్నల జవాబులు తెలుగులో ఆ సాయంత్రానికే ఫోన్‌లో చూసుకునేలా పెట్టించండి. డ్రెయిన్ల మీద మంత్రులు సభలో ఇచ్చిన మాటలన్నీ హామీల కమిటీ ముందుకు తెప్పించి, కాలువలకు నీళ్లు ఆపేసిన వేసవిలో ఆ కమిటీని ఒకసారి మా వైపు పంపండి. డ్రెయిన్ అడుగు కనపడేది అప్పుడే. గట్ల మీద నడిచి చూస్తే చాలు, లెక్కలు చెప్పడానికి మేమంతా వస్తాం.

నాన్నగారి వెదురు బద్ద ఇంకా గట్టు మీదే ఉంది, పాత గాట్లు అరిగిపోతే మొన్న కొత్తవి పెట్టారు. వచ్చే సమావేశాల్లో మా ప్రశ్న మళ్లీ జాబితాలోకి వస్తే నేను మళ్లీ పని మానుకుని చూస్తాను. ఈసారి ఆయన కూడా నా పక్కనే కూర్చుని చూస్తానన్నారు.

ఇట్లు,
భీమవరం దగ్గర ఒక వరి రైతు, ఉభయ గోదావరి పట్టభద్ర ఓటరు