నీ పేరిట పదకొండు కార్డులు

పెదవాల్తేరు, విశాఖపట్నం

చి. పద్మకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. డాబా మీది మన హామ్ రేడియో యాంటెన్నా తీగకు ఉప్పుగాలికి మళ్లీ చిలుము పట్టింది. చింతపండుతో తోమమని మీ అమ్మ సలహా.

హామ్‌ల కార్డులు చేరవేసే బ్యూరో నుంచి నీ పేరిట పదకొండు క్యూఎస్ఎల్ కార్డులు, అదే, రేడియోలో కలిసినందుకు రుజువుగా పంపుకునేవి, వచ్చాయి. మొన్న ఉదయం నలభై మీటర్ల రేడియో బ్యాండులో ఒకాయన, "మీ అమ్మాయి రేడియో సెట్టు అమ్మేసిందటగా" అన్నాడు. నేను నమ్మలేదులే. అమ్మాలన్నా లైసెన్సు ఉన్నవాళ్లకే అమ్మాలి, ఆ సంగతి నీకు తెలుసు.

కార్డుల్లో రెండు, నీతో మాట్లాడకుండా రేడియోలో నిన్ను విన్నవాళ్లు పంపినవి. వాళ్లకూ జవాబివ్వాలి. ఒకాయన డాలరు నోటు పెట్టాడు. అది తపాలా ఖర్చుకు, ముందు ఆయనకు రాయి. కార్డు మీద సమయం యూటీసీలోనే, అంటే మనకంటే అయిదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ సమయంలోనే వెయ్యి. తారీఖు విషయంలో నేను పడ్డ అవస్థ చెప్పానా? చెప్పే ఉంటాను, మళ్లీ విను. తెల్లవారుజామున మూడింటికి ఫిన్లాండు ఆయన మోర్సు సంకేతాల్లో దొరికాడు. కార్డు మీద 15 అని రాశాను. యూటీసీలో అప్పటికింకా 14వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరే! కార్డు తిరిగొచ్చింది. 15 కొట్టేసి పైన 14 వేసి పంపాను. మళ్లీ తిరిగొచ్చింది, ఈసారి తపాలా కూపనుతో సహా. దిద్దిన కార్డును హామ్‌లకిచ్చే అవార్డుకు ఒప్పుకోరట. "శుభలేఖకైనా ఇంత పట్టింపు ఉండదు" అని అమ్మ నవ్వింది. మూడోది శుభ్రంగా రాసి పంపాకే ఆయన తన కార్డు పంపాడు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు అటక మీద తడిసిన పెట్టెలో అదీ ఉంది. కరెంటు వచ్చాక నువ్వు పాత పేపరు మధ్య పెట్టి ఒక్కొక్క కార్డూ ఇస్త్రీ చేశావు. సిరా పాకింది కానీ 14 ఇప్పటికీ కనబడుతుంది.

ఫోనులో "బాగానే ఉన్నాను నాన్నా" అని పెట్టేస్తావు. రెండు నెలలుగా రేడియోలో నీ గుర్తింపు పేరు, ఆ కాల్‌సైన్ వినబడలేదు. ఉద్యోగం సరిగా ఉందా? డబ్బు ఇబ్బందా? సెట్టు గురించి కాదు, ఊరికే అడుగుతున్నాను. రాత్రి పెరుగన్నమైనా తిను.

కార్డులు పంపుతున్నాను. నెయ్యి అంటకుండా సున్నుండలు వేరే డబ్బాలో పెట్టాను. నా చిరునామా రాసి స్టాంపు అంటించిన తిరుగు కవరు కూడా ఉంది.

ఇట్లు,
నాన్న