ముప్పై నాలుగేళ్ల మా అమ్మాయిది చదువా, కొలువా?

అయ్యా,

బ్యాటరీల గురించి, హరిత హైడ్రోజన్ (సౌర, పవన విద్యుత్తుతో నీటి నుంచి తీసే హైడ్రోజన్) గురించి మీ పత్రికలో వారానికో వార్త వస్తోంది. ఎన్ని వేల కోట్లు, ఎన్ని ఎకరాలు, ఎందరికి కొలువులు, అన్నీ రాస్తారు. ఆ బ్యాటరీ లోపల ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు ఇదే ఊళ్లో ఎలా బతుకుతున్నారో మాత్రం ఎక్కడా చదవలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముప్పై ఒక్క ఏళ్లు డిగ్రీ కాలేజీల్లో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. తార్నాకలో ఉంటాం. మా అమ్మాయి ఎలక్ట్రోకెమిస్ట్రీలో, అంటే కరెంటుకూ రసాయన చర్యలకూ ఉన్న సంబంధం చదివే శాస్త్రంలో పీహెచ్‌డీ చేసి, నగరంలోనే ఒక పరిశోధన సంస్థలో పోస్ట్‌డాక్‌గా చేస్తోంది. పీహెచ్‌డీ తరవాత గడువు పెట్టి ఇచ్చే పరిశోధన పని అది. పొద్దున వాకింగ్‌లో ఎవరైనా "సార్, బిడ్డ ఏం జేస్తున్నది?" అని అడిగితే నాకు నోట మాట రాదు. చదువుతోంది అంటే "ముప్పై నాలుగేళ్లకా?" అంటారు. ఉద్యోగం అంటే "పర్మినెంటేనా?" అంటారు. ఒకాయనతో "డాక్టర్" అన్నాను. మర్నాడు బీపీ రిపోర్టులు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు.

బ్యాంకువాళ్లకూ ఇదే చిక్కు. నిరుడు ఎలక్ట్రిక్ స్కూటర్ కోసం అప్పుకు వెళ్లింది. పే స్లిప్ లేదు, ఫారం 16 లేదు, పీఎఫ్ నంబరు లేదు. ఆర్డరు కాపీ చూపిస్తే మేనేజరు తిరగేసి, "ఇది మార్చితో అయిపోతది కదమ్మా" అన్నాడట. చివరికి నా పింఛను చూసి ఇచ్చారు. బ్యాటరీల మీద పనిచేసే మనిషి బ్యాటరీ బండి కొనుక్కోవడానికి బాపు పింఛను పూచీ కావాల్సి వచ్చింది.

ఆమె చేసే పని నేను ఒక్కసారే దగ్గరగా చూశాను. పెన్సిలంత కడ్డీ, దాని కొసన మూడు మిల్లీమీటర్ల నల్లటి కార్బన్ బిళ్ల. అదే ఎలక్ట్రోడ్, కరెంటు ద్రావణంలోకి వెళ్లే కొస. మెత్తటి గుడ్డ మీద అల్యూమినా పొడి నీళ్లతో కలిపి పోసి, ఆ బిళ్లను బోర్లించి, ఇంగ్లిషు ఎనిమిది అంకె రాసినట్టు తిప్పుతూనే ఉంది. ముందు ముతక పొడి, తరవాత సన్నం, తరవాత ఇంకా సన్నం. అద్దంలా మెరిసేదాకా ఆపలేదు. బాసరలో ఆ చెయ్యి పట్టుకుని బియ్యంలో అక్షరాలు దిద్దించిన రోజు గుర్తొచ్చింది. "ఒక గీత మిగిలినా గ్రాఫులో అబద్ధం కనిపిస్తది బాపూ" అంది.

ఆ బిళ్ల మీద వేసి పరీక్షించేది నానో పదార్థాలను. నానో అంటే ఏమిటని అందరూ అడుగుతారు. మీటరులో వంద కోట్లో వంతు నానోమీటర్. ఎండుమిర్చి తుంచి వేసినదానికీ, అదే దంచి కారంపొడిగా వేసినదానికీ ఘాటులో ఉన్న తేడాయే ఇక్కడా ఉంది. పదార్థాన్ని సన్నం చేసేకొద్దీ బయటికి కనిపించే ఉపరితలం పెరుగుతుంది, చర్య జరిగేది అక్కడే. నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీయడానికి ప్లాటినం బాగా పనిచేస్తుంది కానీ దాని ధర మనకు తెలిసిందే. ప్లాటినం వాడకం తగ్గించడానికో, దాని చోట నికెల్ లాంటిది నిలబెట్టడానికో వీళ్ల తిప్పలు. ఇందులో ఒక ఉచ్చు ఉంది. చవక పదార్థాన్ని పరీక్షిస్తూ ఎదుటి ఎలక్ట్రోడ్‌గా ప్లాటినం తీగ పెడితే, అది కొద్దికొద్దిగా కరిగి వచ్చి ఈ పదార్థం మీద పేరుకుంటుంది. ఫలితం బ్రహ్మాండంగా వచ్చిందని సంబరపడతాం. తీరా అది ప్లాటినం మహిమ. అందుకే గ్రాఫైట్ కడ్డీ వాడమంటారు. ఈ సంగతి పుస్తకాల్లో ఉన్నదే, కానీ ఒకసారి మోసపోయినవాళ్లే మరిచిపోరు. పోస్ట్‌డాక్ విలువ అలాంటి అనుభవంలోనే ఉంది.

ఆ విలువను మనం ఎంతకు కడుతున్నామో చూడండి. 2023 జనవరిలో కేంద్రం ఆమోదించిన జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్‌కు కేటాయింపు 19,744 కోట్లు. అందులో పరిశోధనకు 400 కోట్లు, అంటే వందకు రెండు రూపాయలు. 17,490 కోట్లు ఎలక్ట్రోలైజర్లు (నీటిని విడగొట్టే యంత్రాలు), హైడ్రోజన్ తయారుచేసే కంపెనీలకు ప్రోత్సాహకాలు. బ్యాటరీ సెల్స్ తయారీకి 2021లో ప్రకటించిన ప్రోత్సాహకం మరో 18,100 కోట్లు. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో 9,500 కోట్ల పెట్టుబడితో సెల్స్ ఫ్యాక్టరీకి 2023లో శంకుస్థాపన జరిగింది. రావాల్సిందే, సంతోషమే, మన రాష్ట్రానికే వస్తోంది కూడా. పోస్ట్‌డాక్‌లకు ఇచ్చే రీసెర్చ్ అసోసియేట్ హోదాలో మొదటి మెట్టు మీద ఉన్నవాళ్లకు మాత్రం నెలకు 58,000, ఇంటి అద్దె భత్యం వేరు. అదీ 2023లో 47,000 నుంచి పెంచితే వచ్చింది. అంకె మీద నాకు పెద్ద పేచీ లేదు. అది ఏ నెలది ఏ నెల పడుతుందన్నదే పేచీ. మా ఇంట్లో ఒకసారి అయిదు నెలలది ఒక్కరోజు పడింది. ఆ అయిదు నెలలూ ఇల్లు నడిచింది మళ్లీ నా పింఛనుతోనే. ఊరు కాని ఊరు నుంచి వచ్చి హబ్సిగూడలో గది అద్దెకు తీసుకున్న పిల్లలకు ఏ బాపు ఉన్నాడు?

ఇక వయసు. ఎమ్మెస్సీ అయ్యేసరికి 23, పీహెచ్‌డీ చేతికొచ్చేసరికి 29. జాతీయ పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్ రెండేళ్లు, దానికి 35 దాటకూడదు, ఆడవాళ్లకు 40. కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్‌కు 32, ఆడవాళ్లకు 37. అది దొరికినా అయిదేళ్లే, ఆ తరవాత సంస్థ దయ. కరోనాలో ల్యాబులు మూసిన నెలలనూ, మా అమ్మాయికి బాబు పుట్టినప్పుడు పోయిన ఏడాదినీ ఏ దరఖాస్తు ఫారంలో ఏ గడిలో రాయాలో మాకు తెలియలేదు. లిథియం బ్యాటరీకి దారి వేసిన అమెరికా శాస్త్రవేత్త గుడ్‌ఎనఫ్, అందులో వాడే కోబాల్ట్ ఆక్సైడ్ సంగతి కనిపెట్టేనాటికి ఆయనకు అరవై దగ్గర పడుతున్నాయి. 2019లో నోబెల్ అందుకునేసరికి 97. మన ఫారం నింపి ఉంటే కంప్యూటరే వెనక్కి పంపేది.

మరి దారులేవి? మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో శాశ్వత నియామకాలు జరిగి ఎన్నేళ్లయిందో అడిగితే పాత ప్రొఫెసర్లు వేళ్లు లెక్కపెడతారు. 2022లో అన్నింటికీ కలిపి ఒకే నియామక బోర్డు అంటూ అసెంబ్లీలో బిల్లు పాసైంది, చట్టం మాత్రం కాలేదు. ఖాళీలన్నీ కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులతో నడుస్తున్నాయి. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో కెమిస్ట్రీ అంటే మొదటి ఏడాది ఒక సబ్జెక్టు, అంతే. కొందరు అమీర్‌పేటలో కోర్సు చేసి డేటా సైన్స్ వైపు వెళ్లారు, కొందరు పేటెంట్ల ఆఫీసుల్లో చేరారు, కొందరు కొరియా విమానం ఎక్కారు. మా అమ్మాయితో పాటు పీహెచ్‌డీ చేసిన ఒకబ్బాయి కార్పొరేట్ ఇంటర్ కాలేజీలో ఎప్‌సెట్ (పాత ఎంసెట్) పిల్లలకు సెల్ వోల్టేజీ లెక్కగట్టే నెర్న్‌స్ట్ సమీకరణం చెబుతున్నాడు. ఆమెకన్నా ఎక్కువే వస్తుంది, ఒకటో తారీఖునే వస్తుంది. అతణ్ని తప్పు పట్టను, నేనూ చెప్పినవాణ్నే. కానీ అదే సమీకరణంతో సెల్ తయారుచేసేవాడి కన్నా దాని మీద బిట్లు చేయించేవాడికి ఈ ఊళ్లో గిరాకీ ఎక్కువ.

ఉద్యోగాలే లేవని కాదు నా ఫిర్యాదు. పని ఉంది, మనిషి ఉన్నాడు, మధ్యలో పోస్టు అనేదే లేదు. ఒక్క ఉదాహరణ చెబుతాను. గ్లవ్‌బాక్స్ అని ఒక గాజు పెట్టె ఉంటుంది. లోపలంతా ఆర్గాన్ వాయువు. లిథియానికి తేమ పడదు, ఆక్సిజన్ పడదు, నైట్రోజన్ కూడా పడదు. అందుకని ఆక్సిజన్, తేమ పది లక్షల పాళ్లలో ఒక పాలు కూడా మించకుండా చూస్తూ, బయటి నుంచి రబ్బరు తొడుగుల్లో చేతులు దూర్చి, రూపాయి బిళ్లంత కాయిన్ సెల్స్ బిగిస్తారు. మా అమ్మాయి లోగడ పనిచేసిన ఒక చోట ఆ పెట్టెను చూసుకునే పోస్ట్‌డాక్ గడువు అయిపోయి వెళ్లిపోయాడు. ఆక్సిజన్‌ను పీల్చేసే లోపలి ఉత్ప్రేరకాన్ని హైడ్రోజన్ కలిపిన వాయువుతో మళ్లీ సిద్ధం చేయడం మిగతావాళ్లెవరికీ రాదు. లక్షలు పోసి కొన్న పెట్టె అయిదు నెలలు తెల్లగుడ్డ కప్పుకుని కూర్చుంది. అతనికి నెలకు యాభై వేలు ఇవ్వడానికి బడ్జెట్‌లో పద్దు లేదు. పెట్టె కొనడానికి ఉంది.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఆర్డరు ఏడాదికోసారి కాకుండా మూడేళ్లకు ఇవ్వండి, ఒకటో తారీఖున డబ్బు వేయండి, పీఎఫ్ కట్టండి. ప్రొఫెసర్ కావాలని అందరికీ ఉండదు. పరికరాలనూ పద్ధతులనూ కాపాడుతూ అక్కడే రిటైరవ్వాలనుకునే వాళ్లున్నారు, వాళ్లకోసం స్టాఫ్ సైంటిస్ట్ పోస్టులు సృష్టించండి. బ్యాటరీ, హైడ్రోజన్ కంపెనీలకు భూమి, కరెంటు, రాయితీలు ఇచ్చే ఒప్పందంలో, తమ ల్యాబులో ఇక్కడి పోస్ట్‌డాక్‌లను ఇంతమందిని తీసుకోవాలని ఒక్క షరతు రాయించండి. తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, బాలాపూర్‌లో కొత్త పదార్థాల పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ, కంది దగ్గర ఐఐటీ. చుట్టుపక్కల ఇన్ని ల్యాబులున్న ఊరికి ఆ షరతు అడిగే హక్కుందనుకుంటాను.

మా అమ్మాయి ఆర్డరు వచ్చే మార్చితో అయిపోతుంది. నెల రోజులుగా రాత్రిళ్లు కూర్చుని ఒక లాంగ్ నోట్‌బుక్ రాస్తోంది. గ్లవ్‌బాక్స్ ఎలా శుభ్రం చేయాలి, ఏ వాల్వ్ ముందు తిప్పాలి, అలారం మోగితే ఏం చేయాలి, అన్నీ బొమ్మలతో సహా, తరవాత వచ్చేవాళ్ల కోసం. ఎవరొస్తున్నారని అడిగాను. నోటిఫికేషన్ ఇంకా పడలేదట.

ఇట్లు,
విశ్రాంత కెమిస్ట్రీ అధ్యాపకుడు,
తార్నాక, హైదరాబాద్