తెలిసినవాటిలో పెద్దది, అన్నిటికన్నా పెద్దది కాదు

సంపాదకుల వారికి,

'ప్రపంచంలోనే అతి పెద్ద ప్రధాన సంఖ్య దొరికింది' అని వార్తలు రాయడం తప్పు. ప్రధాన సంఖ్యలకు అంతు లేదని యూక్లిడ్ రెండు వేల ఏళ్ల కిందటే రుజువు చేశాడు. 2024 అక్టోబరులో బయటపడిన 2¹³⁶²⁷⁹⁸⁴¹−1 అప్పటికి తెలిసినవాటిలో పెద్దది, అంతే. దానిలో మొత్తం 4,10,24,320 అంకెలున్నాయి. చివరి అంకె 1 అని కాగితం మీదే తేల్చవచ్చు: 2 ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6గా తిరుగుతుంటాయి, ఈ ఘాతాంకాన్ని 4తో భాగిస్తే శేషం 1, కనుక ఘాతం చివరి అంకె 2, అందులో 1 తీస్తే 1.

ఘాతాంకం ప్రధానమైతే చాలు, 2 ఘాతం నుంచి 1 తీసిన సంఖ్యా ప్రధానమే అవుతుందనే మాట కూడా సరికాదు. 11 ప్రధానమే, కానీ 2¹¹−1 అంటే 2047, అది 23×89.

అందుకే లూకాస్–లేమర్ పరీక్ష: ఇలాంటి సంఖ్య ప్రధానమో కాదో తేల్చే పద్ధతి. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి, 2 తీసి, పరీక్షించే సంఖ్యతో భాగించి శేషాన్ని ఉంచుకోవాలి. ఘాతాంకం కన్నా రెండు తక్కువ సార్లు ఇలా చేయాలి. 31కి (2⁵−1) మూడు మెట్లు: 14, తర్వాత 194 నుంచి 8, తర్వాత 62 నుంచి 0. సున్నా వచ్చింది కనుక ప్రధానమే. 2047కి తొమ్మిది మెట్ల తర్వాత 1736 మిగులుతుంది, సున్నా కాదు కనుక అది ప్రధానం కాదు.

పై పెద్ద సంఖ్యకు 13 కోట్లకు పైగా మెట్లు. మధ్యలో కంప్యూటర్‌లో ఒక్క బిట్ (0 లేదా 1) తారుమారైనా ఆ తర్వాతి శేషాలన్నీ చెడతాయి, చివర వచ్చే జవాబును చూసి ఆ పొరపాటును పట్టలేం. కాబట్టి వేరే ప్రోగ్రాంతో, వేరే హార్డ్‌వేర్‌పై మళ్లీ పరీక్షించాకే ప్రకటిస్తారు. వార్తలో ఆ నిర్ధారణ జరిగిందో లేదో తప్పక రాయండి.

భవదీయులు,
గణిత అధ్యాపకులు