80,000 అంకె చూసి కొన్నాను, ఒక్క బ్యాటరీ కూడా నిండలేదు

గుంటూరు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: పవర్ స్టేషన్ వెనక్కి తీసుకుని 24,500 రూపాయలు తిరిగి ఇవ్వడం గురించి.

నమస్కారం. మీ ఆన్‌లైన్ స్టోర్‌లో జనవరిలో పోర్టబుల్ పవర్ స్టేషన్ (మోసుకెళ్లే పెద్ద బ్యాటరీ పెట్టె), దాంతోపాటు 100 వాట్ల మడత సోలార్ ప్యానెల్ కొన్నాను. ముందే మీ వాళ్లకు ఫోన్ చేసి, కరెంటు లేని చోట రెండు ఎలక్ట్రిక్ సైకిళ్లు ఛార్జ్ అవుతాయా అని అడిగాను. ఫోన్ ఎత్తిన కుర్రాడు తడుముకోలేదు. "మీ సైకిల్ బ్యాటరీ 10 ఏహెచ్, మా బాక్స్ 80. ఎనిమిది సార్లు ఎక్కించుకోవచ్చు సార్" అన్నాడు. ఏహెచ్ అంటే ఆంపియర్ అవర్, బ్యాటరీ మీద వేసే కొలత. అట్టపెట్టె మీద కూడా 80,000 ఎంఏహెచ్ (అంటే 80 ఏహెచ్) అని ఇంత లావు అక్షరాలు. నమ్మేశాను.

ఫిబ్రవరిలో నేనూ మా బావమరిదీ సైకిళ్ల మీద కొండవీడు వెళ్లాం. ఘాట్ రోడ్డు ఎక్కి దిగేసరికి రెండు బ్యాటరీలూ ఖాళీ. రాత్రికి కింద మా బాబాయి మిర్చి కల్లంలో టెంటు వేసుకున్నాం. అక్కడ కరెంటు లేదు. ఏడింటికి నా సైకిల్ ఛార్జర్ మీ పెట్టెకు తగిలించాను. తొమ్మిదిన్నరకు పెట్టె "బీప్" మని ఆరిపోయింది. నా బ్యాటరీ సగానికి కాస్త పైన నిండింది. బావమరిదిది సున్నా. కాయలకు కాపలా పడుకున్న బాబాయి లేచి "ఏంట్రా, అప్పుడే అయిపోయిందా?" అన్నాడు.

ఇంటికొచ్చాక లెక్క వేశాను. మీ 80,000 అనేది లోపలి సెల్ 3.7 వోల్టుల దగ్గర చెప్పిన అంకె. 80 ఏహెచ్‌ని ఆ 3.7తో గుణిస్తే 296 వాట్ అవర్లు, పెట్టెలో నిజంగా పట్టే కరెంటు అదే. నా సైకిల్ బ్యాటరీ 36 వోల్టులు, 10 ఏహెచ్, అంటే 360. ఇన్వర్టర్‌లో, ఛార్జర్‌లో పోయేది పక్కన పెట్టినా మీ పెట్టె ఒక్క బ్యాటరీకే చాలదు. వోల్టులు వేరైనప్పుడు ఏహెచ్‌ని ఏహెచ్‌తో పోల్చడమంటే గ్లాసుల్ని బిందెలతో కలిపి లెక్కపెట్టడమే. ఇది మీ ఇంజినీర్లకు తెలియదంటే నేను నమ్మను.

ప్యానెల్ మీద నాకు పెద్ద గొడవ లేదు. మర్నాడు కాయలు ఆరబోసిన పట్టా పక్కనే పరిస్తే 62 వాట్లు దాటలేదు. 100 అనేది ల్యాబ్ లెక్క అని తెలుసు. ఎనిమిది నుంచి పదకొండున్నర దాకా ఎండలో ఉంచితే పెట్టె 45 శాతం నిండింది. దాన్ని బావమరిది సైకిల్‌కు ఎక్కించి ఫిరంగిపురం దాకా ఎలాగో చేరాం. అక్కడ టిఫిన్ కొట్టాయన దయతలచి ప్లగ్ ఇస్తే, రెండు గంటలు కూర్చుని పెసరట్లు తిని గుంటూరు చేరాం.

ఫిర్యాదు చేస్తే మీ దగ్గర్నుంచి వచ్చిన జవాబు: "మీ సైకిల్ బ్యాటరీ పాతదై ఉంటుంది." కొని నాలుగు నెలలే అయింది. బిల్లు జత చేశాను.

15 రోజుల్లో డబ్బు వెనక్కి ఇవ్వండి. అట్టపెట్టె మీద వాట్ అవర్లు కూడా అంతే లావు అక్షరాల్లో వేయండి. లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, ఆపైన గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనున్న ఊళ్లోనే వేయొచ్చు, 5 లక్షల లోపు కాబట్టి ఫీజు కూడా లేదు.

పెట్టె ప్యాక్ చేసి ఉంచాను, మనిషిని పంపండి. తెరిచేవాళ్లకు ముందే చెప్పండి, ఫ్యాను సందుల్లో మిరప ఘాటు ఇంకా పోలేదు.

ఇట్లు,
మీ కస్టమర్,
బ్రాడీపేట, గుంటూరు