నోయా పేరు వెనక ఓ ఆస్తి అర్జీ

సంపాదకుడు గారికి,

మీ ఆదివారం అనుబంధంలో ఆడపిల్లల పేర్లు ఇస్తూ, నోయా అంటే జలప్రళయం నాటి నోవహుకు స్త్రీ రూపమని రాశారు. అది సరికాదు. వినడానికి దగ్గరగా ఉన్నా హీబ్రూలో ఈ రెండు పేర్లూ వేరు. నోవహు పేరు విశ్రాంతికి సంబంధించింది, నోయా అంటే కదలిక.

అర్థం సంగతి అలా ఉంచితే, ఈ పేరు బైబిల్లోకి ఎక్కిందే ఆస్తి వాటా కోసం. సంఖ్యాకాండము 27వ అధ్యాయంలో సెలోపెహాదు కూతుళ్లు మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా ఇశ్రాయేలీయుల నాయకుడు మోషే ఎదుట, జనమంతటి ఎదుట నిలబడ్డారు. కొడుకులు లేనంత మాత్రాన మా నాన్న పేరు మాసిపోవాలా, పినతండ్రులతో పాటు మాకూ భూమి ఇవ్వండి అన్నారు. వాళ్లు అడిగింది న్యాయమేనని తీర్పొచ్చింది. కొడుకులు లేనప్పుడే అన్న షరతు ఎలాగూ ఉంది. 36వ అధ్యాయంలో సొంత గోత్రంలోనే పెళ్లాడాలని ఇంకో మెలిక పెట్టారు. అక్కచెల్లెళ్లు పినతండ్రి కొడుకుల్నే చేసుకున్నారు (మనకైతే అన్నదమ్ముల వరస!).

1910లో ప్రాచీన ఇశ్రాయేలు రాజధాని సమరయ తవ్వకాల్లో ద్రాక్షారసం, నూనె లెక్కలు రాసిన కుండపెంకులు దొరికాయి. క్రీ.పూ. 8వ శతాబ్దం నాటివి. వాటి మీద నోయా, హొగ్లా అన్నవి ప్రాంతాల పేర్లుగా కనిపిస్తాయి.

నేను దస్తావేజులు రాసి బతికేవాణ్ని. ఆ పేర్లు పెట్టుకున్న ఆడపిల్లల చేత కూడా విడుదల దస్తావేజులు, అంటే మా వాటా వదులుకుంటున్నామనే పత్రాలు, రాయిస్తుంటారు. వీలునామా లేకపోతే 1925 నాటి భారత వారసత్వ చట్టం క్రైస్తవుల ఇళ్లలో కొడుక్కీ కూతురికీ సమాన వాటా ఇచ్చింది. హిందువుల ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు హక్కు కల్పిస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది, 2005లో అది దేశమంతా వచ్చింది. అయినా 'పెళ్లికి ఇచ్చాంగా' అన్న ఒక్క మాటతో సరి. పక్కన తమ్ముడు పెన్ను పట్టుకుని 'పెట్టక్కా, టైమవుతోంది' అంటుంటే, ఎంత విస్తీర్ణం వదులుకుంటున్నానో కూడా ఆ అక్క అడగదు.

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రాసిచ్చింది మీరేనా అని అడుగుతారు, అవునంటుంది, అయిపోతుంది. సంతకానికి ముందు ఆమె ఒక్కదాన్నే కూర్చోబెట్టి, నీ వాటా ఇంత, వదులుకోవడం ఇష్టమేనా అని తెలుగులో అడిగి రాసుకునే నిబంధన రెండు రాష్ట్రాల్లోనూ పెట్టాలి. పది నిమిషాల పని.

ఇట్లు,
ఒక దస్తావేజు లేఖరి